కొబ్బరి చెట్లకు కట్టిన కప్పు

ఏసుదానం వేసిన ముడి ఏసుదానమే విప్పాలని కొత్తపేటలో అంటారు. ఆ మాట వినీ వినీ ఆయనకు కొంచెం తలకెక్కింది కూడా. ఉద్దానంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరది. సగం ఇళ్ళకు సిమెంటు రేకులే కప్పు, ఆ రేకుల్లో ముప్పాతిక మూడొంతులు ఏసుదానం చేత్తో బిగించినవే. తుఫాను కబురు రాగానే ఊళ్ళో ఆడవాళ్ళు బియ్యం డబ్బా చూసుకుంటారు, మగవాళ్ళు ఏసుదానం ఇంటికి పరిగెత్తుతారు.

ఆయన పద్ధతి ఆయనది. రేకుల మీద పాత వల పరుస్తాడు. వల మీదుగా ఈ చూరు నుంచి ఆ చూరుకు బోటు తాడు లాగి, రెండు కొసలనూ నేలలో ఏటవాలుగా దిగ్గొట్టిన ఇనప గూటాలకు బిగిస్తాడు. ఇసక నేల కాబట్టి గూటం నడుము లోతున దిగాలి. ఆపైన ఇసక బస్తాలు. పని అయ్యాక తాడును వేలితో మీటి చూసి, అది మోగితే తల పంకిస్తాడు. ఇంటివాళ్ళు ఆ తల పంకించడం కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.

ఈసారి నిన్న పొద్దుట మొదలుపెట్టి ఐదిళ్ళు కట్టేసరికి గూటాలు అయిపోయాయి. ఒప్పుకున్నవాటిలో మిగిలినవి రెండిళ్ళు. ఒకటి కూతురు మెర్సీ అత్తవారిల్లు, రెండోది తన ఇల్లు. సొంతవాళ్ళను ఎప్పుడూ ఆఖరున పెట్టడం ఆయనకు గొప్ప. పలాస వెళ్ళి గూటాలు తెద్దామంటే బస్సులు ఆగిపోయాయి. ఈ పొద్దుట ఏసుదానం వియ్యాలవారి పెరట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి ఇటు ఉత్తరాన ఒక కొబ్బరి చెట్టు, అటు దక్షిణాన ఒక కొబ్బరి చెట్టు ఉన్నాయి. ఏడెనిమిదేళ్ళ కిందటి పెద్ద తుఫానులో తోటలకు తోటలే పడుకున్నా ఈ రెండూ పడలేదు. ఉద్దానం మనిషికి కొబ్బరి చెట్టు మీద ఉన్నంత నమ్మకం కన్నబిడ్డల మీద కూడా ఉండదు, ఏసుదానం అందుకు మినహాయింపేమీ కాదు.

"ఈటి ఏరు కన్నా గట్టి గూటం ఇంకేటుంటాది?" అన్నాడు. అని, ఆ చెట్టు నుంచి కప్పు మీదుగా ఈ చెట్టుకు రెండు వరసల తాడు లాగి కట్టాడు. మీటితే తాడు వీణ తీగలా మోగింది. ఏసుదానం తల పంకించాడు.

వియ్యపురాలు బుల్లమ్మ గడపలో నిలబడి మురిసిపోయింది. ఆమె కొడుకు థామస్ విశాఖ రేవులో బోటుకు కాపలా ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అత్తా కోడళ్ళూ, నాలుగు నెలల పసిపాపా. మెర్సీ పాపను చంకనేసుకుని, సర్దిన సంచీ చేత్తో పట్టుకుని బయటకు వచ్చింది.

"నానా, సచివాలయం నాగబాబన్న అందర్నీ బడికి వచ్చీమంతన్నాడు. అక్కడయితే సలాబు కదా. ఎల్లమంతావా?" అని అడిగింది.

ఏసుదానానికి తల కొట్టేసినట్టయింది. ఊరంతా తన ముడిని నమ్ముతుంటే కన్నకూతురు స్లాబును నమ్ముతుందా?

"నాను కట్టినాక ఏటే నీకు బయం? ఆ జనంలో, ఆ సెమ్మలో పసిగుంటకి జలుబు సేస్తాది. ఇంట్లో కూకో."

చిన్నప్పటి నుంచీ మెర్సీకి తండ్రి అవునంటే అవును, కాదంటే కాదు. సంచీని మంచం కిందికి తోసేసింది. ఏసుదానం మిగిలిన తాడు భుజాన వేసుకుని తన ఇంటికి వెళ్ళాడు. అక్కడ దక్షిణం వైపు ఒక పాత గూటం ఉంది. ఉత్తరం వైపు దానికి జోడీగా పెరట్లోని కొబ్బరి చెట్టుకే కట్టేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తరం నుంచి గాలి మొదలైంది.

మొదట అది మామూలు గాలే. తర్వాత ఎవరో ఇంటిని రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నట్టు అయింది. తలుపు గడియ తనంతట తాను టకటకలాడింది. రేకుల సందుల్లోంచి నీళ్ళు పొడిలాగా లోపలికి కొడుతున్నాయి. భార్య ఎలీసమ్మ గోడ మూల దుప్పటి కప్పుకుని కూర్చుని, "ప్రభువా, ప్రభువా" అంటోంది. అంతకు మించి ప్రార్థన ఆమెకు గుర్తుకు రావడం లేదు. ఏసుదానం గది మధ్యన నిలబడి పైకి చూస్తున్నాడు. ఆయనకూ భయంగానే ఉంది, కానీ ఆ భయానికి ఒక లెక్క ఉంది. ఏ చప్పుడు దేనిదో తెలిసిన మనిషికి చీకట్లో దారి తెలిసినంత ధైర్యం ఉంటుంది.

అంతలో తెలియని చప్పుడొకటి వినబడింది. టక్‌మని రేకును పట్టిన బోల్టు ఒకటి తెగింది. గాలి ఉధృతంగా కొట్టినప్పుడు తెగితే అర్థం చేసుకునేవాడు. గాలి కాస్త తగ్గినప్పుడు తెగింది. మళ్ళీ గాలి కొట్టింది, కప్పు నిలబడింది. గాలి సన్నగిల్లింది, టక్‌మని రెండోది తెగింది. ఉత్తరం వైపు చూరు జానెడు పైకి లేచి దబ్బున పడింది.

ఏసుదానం కిటికీ రెక్క వేలెడు తెరిచి చూశాడు.

గాలికి కొబ్బరి చెట్టు ఇంటి మీదికి వంగుతోంది. అప్పుడు తాడు వదులై వేలాడుతోంది. గాలి తగ్గగానే చెట్టు వెనక్కి లేస్తోంది, లేస్తూ లేస్తూ తాడును ఒక్క గుంజు గుంజుతోంది. నేలలో దిగిన గూటం కదలదు. చెట్టు కదులుతుంది. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషికి తట్టలేదు. గాలి పీకలేని కప్పును తన తాడే పీకుతోంది.

"ఏటది? ఏటయిపోతన్నాది?" ఎలీసమ్మ దుప్పటి తోసి లేచి వచ్చి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. ఆమె పలాసలో ఇరవై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన మనిషి, కంటి ముందున్నది చూడడం వచ్చు. "ఓలమ్మో! సెట్టు లాగీస్తన్నాది గదా! ఆ తాడు కోసీ, బేగి కోసీ!"

ఏసుదానం కత్తి నోట కరుచుకుని పెరటి తలుపులోంచి పాక్కుంటూ బయటకు వెళ్ళాడు. నిలబడితే గాలి ఎత్తుకుపోతుందని తెలుసు. ఇసక మొహం మీద సూదుల్లా గుచ్చుకుంటోంది. కళ్ళు తెరవలేక చేత్తో తడుముకుంటూ చెట్టు మొదటికి చేరాడు. ముడి విప్పడానికి చూస్తే తడిసి బిగుసుకుపోయి ఉంది. తన ముడి తనకే లొంగలేదు. కత్తితో రాచాడు. నాలుగో రాపుకు తాడు తెగి, దాని కొస ఆయన చెంప మీద చరిచి ఎగిరిపోయింది. లోపలికి వచ్చి పడేసరికి మొహమంతా నెత్తురు.

కప్పు ఇంకా వణుకుతోంది గానీ, ఆ గుంజుడు ఆగింది. ఎలీసమ్మ చీర కొంగుతో ఆయన చెంప అదిమి పట్టింది. అలా పట్టుకునే, చాలా నెమ్మదిగా అడిగింది.

"మెర్సీ ఇంటికేటి కట్టినావు?"

ఏసుదానం చూపు కిటికీ వైపు తిరిగింది. ఆమె కొంగు తీసేసింది.

"సెట్టుకేనా?"

"రెండు సెట్లకి," అన్నాడు.

ఇక్కడ ఒక్క చెట్టు ఒక్క పక్క లాగితేనే బోల్టులు తెగాయి. అక్కడ రెండు చెట్లు రెండు పక్కలా లాగుతున్నాయి. ఆ కప్పు కింద మెర్సీ ఉంది, నాలుగు నెలల బిడ్డ ఉంది. బడికి వెళతానని సంచీ పట్టుకున్న పిల్లను తానే ఆపాడు. ఆ మాటలు గుర్తొచ్చి, తన నాలుకను తానే కోసుకోవాలన్నంత కోపం వచ్చింది ఆయనకు. ఫోను చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. తలుపు తీసుకుని పోబోతే గాలి తలుపుతో సహా ఆయన్ను గోడకేసి కొట్టింది. రెండోసారి ఎలీసమ్మ కాళ్ళు పట్టుకుని ఆపింది. ఆ గంటన్నరా ఎక్కడో ఏదో విరిగి పడినప్పుడల్లా, అది ఊరి ఏ వైపు నుంచి వినబడిందా అని ఇద్దరూ చెవులు రిక్కించేవారు. మెర్సీ ఇల్లున్న సముద్రం వైపు నుంచి వినబడితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

నాలుగవుతుండగా ఎవరో మీట నొక్కినట్టు గాలి ఆగిపోయింది. వాన ఆగింది. కిటికీలోంచి పచ్చటి వెలుతురు లోపల పడింది. బయట ఒక్క కాకి అరవడం లేదు.

సముద్రం ఒడ్డున పుట్టిన వాళ్ళను ఆ ప్రశాంతత మోసం చెయ్యలేదు. తుఫాను కన్ను నెత్తి మీదికి వచ్చింది. పావుగంటో, అరగంటో ఉంటుంది. తర్వాత ఇదే గాలి ఎదురు దిక్కు నుంచి, దక్షిణం నుంచి వస్తుంది. ఇప్పటిదాకా ఒక వైపు వంగి వంగి సడలిన వేళ్ళను ఆ గాలి రెండో వైపుకు తిప్పి పీకేస్తుంది. పోయినసారి చెట్లన్నీ పడింది అప్పుడే.

"నానూ వస్తాను," అంది ఎలీసమ్మ.

"ఆ మోకాళ్ళతో ఏటి నడుస్తావే? తాడు తెంపీసినాను గదా, మన కప్పుకింకేటీ అవ్వదు. నాను వచ్చేదాకా ఇంట్లోంచి కదలకు," అని చెప్పి ఏసుదానం పరుగు తీశాడు.

దారి దారిలా లేదు. వీధికి అడ్డంగా పడిన చెట్లను ఎక్కి దిగాడు. తెగిన కరెంటు తీగలను గెంతాడు. అరవై ఏళ్ళ గుండె నోట్లోకి వస్తోంది. మలుపు తిరిగితే ఇల్లు కనబడుతుంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాడు. తిరగడానికి ధైర్యం చాలలేదు. కళ్ళు మూసుకుని రెండడుగులు వేసి తెరిచాడు.

ఇల్లు ఉంది. కప్పు ఉంది. బుల్లమ్మ వాకిట్లో నిలబడి నవ్వుతోంది.

"అన్నియ్యా! సూడు నీ సేతి గొప్ప! ఆ పక్కింటోళ్ళ రేకులు ఎగిరి సముద్రంలో పడ్డాయి. మనది ఒక్క రేకు కదల్లేదు."

ఏసుదానం పైకి చూశాడు. తాడు రుద్దుకుని రుద్దుకుని కప్పు నడికొప్పును కోసేసింది. రేకుల మీద బీటలు కనబడుతున్నాయి. తర్వాత చూపు కిందికి దించి చెట్టు మొదలు చూశాడు. ఉత్తరం చెట్టు చుట్టూ నేల నెలవంకలా పగిలి, పిడికిలి దూరేంత నెర్రె ఇచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే లోపల వేరు పచ్చిగా తెగి ఉంది. చెట్టు నిలబడి లేదు, నిలబడినట్టు కనబడుతోంది.

"బయటికి రండి. అందరూ బడికి నడండి," అన్నాడు.

బుల్లమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఇప్పుడా? అంత గాలికే కదలనిది ఇప్పుడేటవుతాది అన్నియ్యా?"

"గాలి ఆగలేదు సెల్లెమా. అటేపు నుంచి తిరిగొస్తాది."

"వస్తే రానీ. నీ తాడున్నాది గదా!"

ఏసుదానానికి నాగబాబు రమ్మన్నాడని అబద్ధమాడదామా అనిపించింది. తాడు మార్చి కట్టాలని చెబుదామా అనిపించింది. వియ్యపురాలి ముందు ఏనాడూ మాట తగ్గని మనిషి. పొద్దుట తాడు మీటి తల పంకించింది ఈ వాకిట్లోనే. అంత ప్రాణభయంలో కూడా మనిషికి పరువు అడ్డొస్తుంది, అంత దిక్కుమాలినది అది.

లోపలి నుంచి మెర్సీ వచ్చింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"నానా, నువ్వే గదా ఉండమన్నావు? ఇప్పుడేటి సెయ్యమంతావు?"

ఆమె తప్పు పట్టడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఉండు అంటే ఈ కప్పు కిందే మళ్ళీ కూర్చుంటుంది. ఆ సంగతి ఏసుదానానికి ఆ కళ్ళలో కనబడింది.

"తప్పు సెప్పినానమ్మా," అన్నాడు. "తాడు తప్పు కట్టినాను. సెట్టుకి కట్టకూడదు. సెట్టు ఊగినప్పుడల్లా కప్పుని పీకుతాది. సెట్టు పడిందంటే కప్పునీ గోడనీ మీదికి లాక్కొచ్చీస్తాది. మీరు నిల్సోనున్నది నా తప్పు కింద. నా మాట ఇంక నమ్మకండి. బడికి పదండే, బేగి!"

బుల్లమ్మ నవ్వు ఆరిపోయింది. ఆమె చెట్టు మొదలు చూసింది, నేలలో నెర్రె చూసింది, వియ్యంకుడి చెంప మీద గాటు చూసింది. మెర్సీ సంచీ కోసం లోపలికి తిరగబోయింది. సరిగ్గా అప్పుడు దక్షిణం నుంచి ఒక చల్లటి గాలి తెర వచ్చి మొహానికి తగిలింది. కొబ్బరాకులన్నీ ఒక్కసారి రెండో వైపు తిరిగాయి.

"సంచీ వద్దే! పరిగెత్తండి!"

ఏసుదానం పాపను లాక్కుని చొక్కా లోపల గుండెకు అదుముకున్నాడు. ముగ్గురూ పడుతూ లేస్తూ పరిగెత్తారు. బడి రెండు వందల గజాలు ఉంటుంది. సగం దూరం వెళ్ళేసరికి హోరు వెనక నుంచి తరుముకొచ్చింది. ఇంకో యాభై గజాలకు బుల్లమ్మ పడిపోతే మెర్సీ ఆమె జబ్బ పట్టి ఈడ్చుకొచ్చింది. వెనక నేల అదిరేటట్టు ఒక చప్పుడు అయింది. చూడొద్దనుకుంటూనే ఏసుదానం తిరిగి చూశాడు. ఉత్తరం చెట్టు పడుతోంది. దానితో పాటు తాడు, తాడుతో పాటు కప్పు మొత్తం, నిద్రపోయే మనిషి మీంచి దుప్పటి లాగినట్టు లేచిపోయింది. ఒక్క క్షణం గోడలు మాత్రం నిలబడ్డాయి. తర్వాత అవి లోపలికి, మంచం ఉన్న వైపుకే కూలాయి.

బడి తలుపు తెరిచి నాగబాబు ముగ్గురినీ చొక్కాలూ చీరలూ పట్టి లోపలికి లాగి, తలుపుకు బెంచీలు అడ్డం పెట్టించాడు. గదిలో చీకటి, జనం, తడిబట్టల వాసన. పాప లేచి కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే ఏసుదానానికి ప్రాణం లేచొచ్చింది. బిడ్డను మెర్సీ చేతుల్లో పెట్టాడు. బుల్లమ్మ గోడకు ఆనుకుని, "ఇల్లు పోనాదా అన్నియ్యా?" అంది.

"పోనాది. నాను కట్టకపోతే రేకులే పోయేవి. కట్టబట్టి గోడలు కూడా పోనాయి," అన్నాడు. ఆ మాట అంతమందీ విన్నారు. విననీ అనుకున్నాడు.

"పోన్లే. మనుసులం ఉన్నాం," అంది బుల్లమ్మ. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "వదినమ్మేది?"

ఏసుదానం వెంటనే అర్థం చేసుకోలేదు.

ఎలీసమ్మ ఇంట్లో ఉంది. రెండు బోల్టులు తెగిన కప్పు కింద ఉంది. ఉత్తరం వైపు చూరును పట్టుకున్న తాడును తన చేత్తోనే తెంపాడు. ఇప్పుడు గాలి దక్షిణం నుంచి వస్తోంది, అంటే ఏ తాడూ పట్టి లేని ఆ కప్పు... అక్కడితో ఆయన బుర్ర ఆగిపోయింది. కదలకు అన్నాడు. ఇంకేటీ అవ్వదు అన్నాడు. పొద్దుట కూతురికి చెప్పినట్టే, అంత గట్టిగానూ, అంత తెలిసినవాడిలాగానూ చెప్పాడు.

"తలుపు తీయండి!" అని అరిచి బెంచీల మీద పడ్డాడు. నాగబాబూ మరో ఇద్దరూ నడుం పట్టుకుని వెనక్కి లాగారు. "సచ్చిపోతావు మావా! ఇప్పుడు బయటికి ఎవుడెల్లినా దక్కడు!" ఏసుదానం వాళ్ళను కొట్టాడు, గీరాడు. "అదక్కడే కూకుంటాది రా! నాను కదలొద్దన్నాను. నా మాటంటే కదల్దు రా!" మెర్సీ అమ్మా అని ఏడుపు లంకించుకుంది. బయట హోరు ఇంకా పెరిగి, ఏ అరుపు ఎవరిదో తెలియకుండా పోయింది.

అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. బడికి గదులు రెండు, వాకిళ్ళూ రెండే. చంటిపిల్లలకు పాలు కాచడానికి వెనక గదిలో స్టవ్ వెలిగించారు. ఆ వెలుతురులో ఒక మనిషి మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ వచ్చి జనాన్ని తోసుకుంది.

ఎలీసమ్మ ముందు మెర్సీని తడిమింది, పాపను తడిమింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఏసుదానం నేల మీద కూలబడి ఆమె కాళ్ళు రెండు చేతులా వాటేసుకుని, అంతమంది ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే కోప్పడ్డాడు.

"నిన్ను ఇంటికాడే ఉండమన్నాను గదే! ఇంకేటీ అవ్వదని సెప్పినాను గదే!"

"సెప్పినావు," అంది ఎలీసమ్మ. "అందుకే వచ్చీసినాను."